కిన్నెర మళ్లీ పలికిన వేళ

చిరకాలం మూగవోయిన వాద్యమొకటి మళ్లీ పలికినప్పుడు వినేవారి మనస్సులో రెండు భావాలు ఒక్కసారే కలుగుతాయి. మొదటిది ఆనందం. రెండవది అనుమానం. పోయిందనుకున్నది తిరిగి వచ్చిందన్నది ఆనందానికి కారణం. వచ్చినది పోయిన రూపంతోనే వచ్చిందా, లేక మరొక వేషం ధరించి వచ్చిందా అన్నది అనుమానానికి మూలం. ఈ రెండు భావాల నడుమ మా పాలమూరు ప్రజలు కొంతకాలం ఊగిసలాడారు. ఆ సందర్భాన్ని గురించి నేను విన్నవీ, కన్నవీ, ఆలోచించినవీ ఇక్కడ చెప్పదలిచాను.

2021 సెప్టెంబరు 2వ తేదీన ‘భీమ్లా నాయక్’ అనే చలనచిత్రంలోని శీర్షికా గీతం విడుదలయింది. తమన్ సంగీతం కూర్చిన ఆ పాటకు మొదట వినబడేది పన్నెండు మెట్ల కిన్నెర. దానిని పలికించినవారు దర్శనం మొగిలయ్య. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 తరువాత నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న లింగాల మండలం అవుసలికుంట ఆయన స్వగ్రామం. కథానాయకుని పుట్టుకను, తల్లిదండ్రులను, తాతలను వరుసగా పేర్కొంటూ సాగే ఆ పల్లవికి ముందటి భాగాన్ని ఆయన తన గొంతుతో, తన కిన్నెరతో వినిపించారు. తరువాత డప్పులు, తక్కిన వాద్యాలు, యువ గాయకుల గొంతులు వచ్చి చేరాయి. కొన్ని దినాలలోనే ఆ పాట ఆటోలలోను, పెండ్లి పందిళ్లలోను, విద్యార్థుల చరవాణులలోను మారుమోగింది. మరుసటి సంవత్సరం, అనగా 2022లో, భారత ప్రభుత్వం మొగిలయ్యకు పద్మశ్రీ పురస్కారాన్ని ప్రకటించింది. అంతకు చాలా ముందే, 2015లో, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం ఆయనను ఉగాది పురస్కారంతో సత్కరించింది. అయితే ఆ సత్కారం చేయలేని పనిని చలనచిత్ర గీతం చేసింది. కిన్నెర అనే పేరు ఇంటింటికీ తెలిసింది.

కిన్నెర కొత్త వాద్యం కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు రచించిన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుని కథ ఉన్నది. కిన్నెర వాయించి శివుని కొలిచిన ఆ భక్తునికి ఆ వాద్యమే ఇంటిపేరువలె నిలిచింది. అంత ప్రాచీనమైన పేరుగల ఈ వాద్యపు నిర్మాణం మాత్రం అతి సరళం. వెదురు దండి, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, లోహపు తీగలు, దండి మీద వరుసగా అమర్చిన మెట్లు ఇందులో ముఖ్యమైన భాగాలు. తీగ చేసే సన్నని చప్పుడును బుర్రలు తమ బోలులో నింపుకొని గంభీరం చేస్తాయి. చేనిలో పండేవీ, అడవిలో దొరికేవీ తెచ్చి కళాకారుడు తన వాద్యాన్ని తానే తయారు చేసుకొంటాడు. కనుక ఏ రెండు కిన్నెరలూ ఒక్కతీరుగా పలుకవు.

నా బాల్యం కల్వకుర్తి ప్రాంతంలోని ఒక చిన్న ఊరిలో గడిచింది. పంటలు ఇండ్లకు చేరిన తరువాత కిన్నెర కథకులు మా ఊరికి వచ్చేవారు. రాత్రి భోజనాలయిన పిదప చావడి ముందర కందిలి వెలిగించి కథ మొదలుపెట్టేవారు. కథకుడు పాడే చరణానికి కిన్నెర జవాబు చెప్పేది. అతడు మాట ఆపినచోట అది మాట అందుకొనేది. నిజాం కాలంలో ఉన్నవారిని దోచి లేనివారికి పంచినాడని చెప్పుకొనే పండుగ సాయన్న కథ మా పిల్లలకు ప్రాణం. సాయన్న పట్టుబడే ఘట్టం వచ్చేసరికి కిన్నెర నాదం సన్నగిల్లేది. వినబడక మేమంతా ముందుకు జరిగేవాళ్లం. ఆ జరగడంలోనే మేము కథలోనికి ప్రవేశించేవాళ్లమని ఇప్పుడు అర్థమవుతున్నది.

ఈ మధుర స్మృతికి ఆనుకొనే ఒక చేదు స్మృతి కూడ ఉన్నది. కిన్నెరను తరతరాలుగా కాపాడిన వారు డక్కలి కులస్థులు. మాదిగల వంశ చరిత్రలను, జాంబపురాణాన్ని గానం చేసి వారి ఆదరణతో జీవించిన ఆశ్రిత జాతి అది. సమాజపు మెట్లలో అందరికన్న కింది మెట్టు మీద వారిని నిలిపింది మన గ్రామం. అర్ధరాత్రి వరకు వారి పాటకు కన్నీరు కార్చిన పెద్దలే, తెల్లవారిన తరువాత వారికి నీళ్లు ఎత్తి పోసేవారు. వారి పాటను చావడిలోనికి రానిచ్చారు. వారిని మాత్రం ఊరి వెలుపలనే ఉంచారు. కిన్నెర ఎందుకు మూగవోయిందని విచారించేవారు ఈ సంగతిని మరువరాదు.

మూగవోవడానికి ఇతర కారణాలు కూడ ఉన్నాయి. మొదట రేడియో, తరువాత సినిమా, ఆ తరువాత టెలివిజన్ రాత్రివేళలను ఆక్రమించుకొన్నాయి. అంతకు మించిన కారణం కరువు. వానలు లేక, సాగునీరు లేక మా జిల్లా ప్రజలు మూటాముల్లె కట్టుకొని దూర ప్రాంతాలకు కూలికి పోయారు. ఆనకట్టలు కట్టేచోట, రోడ్లు వేసేచోట ‘పాలమూరు కూలీలు’ అన్న మాట దేశమంతటా వినబడింది. వినేవారు వలస పోయిన ఊరిలో కథకుడు ఎవరికి కథ చెప్పగలడు? పంటలేని కల్లంలో ఎవరిని గింజలడుగగలడు? అతడు కూడ కిన్నెరను అటకమీద పెట్టి పలుగు, పార చేతబట్టాడు. ఆ విధంగా ఒక తరం గడిచింది.

ఇటువంటి స్థితిలో చలనచిత్ర గీతం ద్వారా కిన్నెర తిరిగి వచ్చింది. అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాను. ఆ పాటను గురించి నా చుట్టూ ఉన్నవారు పలికిన పలుకులు వింటూ ఉంటే, ఒకే నాదాన్ని ఇంతమంది ఇన్ని విధాలుగా వినగలరా అని ఆశ్చర్యం కలిగింది.

మొదట స్పందించినవారు విద్యార్థులు. వారి సంతోషానికి అవధులు లేవు. బల్లమీద వేళ్లతో దరువు వేస్తూ, ఆ మొదటి భాగాన్ని ఒక్క అక్షరం తప్పకుండ పాడేవారు. ఒకనాడు అచ్చంపేట నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు, “సార్, ఆ వాద్యం ఏ దేశానిది?” అని అడిగాడు. అవుసలికుంట అచ్చంపేటకు ఎంతో దూరంలో లేదు. పొరుగున పుట్టి పెరిగిన నాదాన్ని పరదేశపు నాదంగా భావించాడంటే లోపం ఆ బాలునిది కాదు. అతడు పుట్టేనాటికే మనం దానిని అతని చెవికి అందనంత దూరం చేశాం. నేను జవాబు చెప్పినప్పుడు అతని ముఖంలో మొదట ఆశ్చర్యం, వెంటనే గర్వం కనిపించాయి.

పెద్దల స్పందన వేరు. దసరా సెలవులలో మా ఊరికి పోయినప్పుడు, ఎనభై ఏండ్లు పైబడిన ఒక తాతకు ఆ పాటను వినిపించాను. కండ్లు మూసుకొని విన్నాడు. కిన్నెర వినబడినంతసేపు తల ఊపాడు. వాద్యాల హోరు మొదలు కాగానే కండ్లు తెరిచాడు.

“ఎట్లున్నది తాతా?” అని అడిగాను.

“పలుకు గదే బిడ్డా, గుర్తువట్టిన. గని కథ మొదలువెట్టంగనే ఆపిండ్రు. ఇగ సాయన్న ఏడికి వోయిండు?” అన్నాడు.

ఆ తాతకు కిన్నెర అంటే కథ. ఆ నాదం వినగానే ఆయన మనస్సు తెల్లవారే వరకు కూర్చోవడానికి సిద్ధపడింది. పాట నిమిషాలలో ముగిసిపోయింది. ఆకలితో విస్తరి ముందు కూర్చున్నవానికి ఒక్క ముద్ద పెట్టి లేపినట్లయింది.

నల్లగొండలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించే నా మిత్రుడొకడు ఇదే సంగతిని మరొక విధంగా చెప్పాడు. కథలో కిన్నెరకు నిలకడగల తాళం ఉండదట. కథకుడు ఏడిస్తే అది ఆగుతుంది. అతడు పరుగెత్తితే అది పరుగెత్తుతుంది. అతని గొంతు ఎంత శ్రుతిలో ఉంటే దాని తీగలు అంతే శ్రుతికి బిగుసుకొంటాయి. అనేక వాద్యాలతో కలిసినప్పుడు మాత్రం అన్నింటికీ ఒకే శ్రుతి, ఒకే నడక తప్పనిసరి. “తాళం నిలబడ్డది, కథ నడక నిలిచిపోయింది” అని అతడు తేల్చాడు. నేను దానికి మరొక అంశాన్ని చేరుస్తాను. పూర్వం కిన్నెర నాదం చిన్నది కనుక శ్రోత దాని దగ్గరకు జరిగేవాడు. ఇప్పుడు మైకు దాని తీగకు చేరువగా నిలిచి, ఆ నాదాన్ని శ్రోత చెవిలోనికే తెచ్చి పోస్తున్నది. తీగ మీద వేలు జారే చప్పుడు కూడ వినబడే సౌకర్యం కలిగింది. ముందుకు జరగవలసిన అవసరం పోయింది. ఏది లాభమో, ఏది నష్టమో చెప్పడం అంత సులభం కాదు.

నన్ను అన్నింటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన మాట, కిన్నెర కుటుంబంలో పుట్టి పట్టణంలో తాపీపని చేసుకొంటున్న ఒక నడివయస్కుడు చెప్పినది. “ఆ పాట ఇని మా పిల్లగాడు ‘ఇది మన కిన్నెర నాయినా’ అన్నడు సారూ. ఇన్నేండ్లు దాన్ని అటుకమీదికెల్లి దించనియ్యకపోయెటోడు. దోస్తులు జూస్తె సిగ్గయితదనెటోడు” అన్నాడతడు. కొంతసేపు ఆగి, “దించినం గని, వాయించుడు నాకు రాదు. మా నాయినతోనే పాయె” అని తల వంచుకొన్నాడు.

ఆ మాటలలో ఒక వాద్యపు చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. కొత్త పాట ఒక బాలుని సిగ్గును గర్వంగా మార్చింది. ఇది సామాన్యమైన పని కాదు. అయితే తాత చేతివేళ్లలో ఉండి, తండ్రికి అందక, మనుమని వరకు రాకుండ పోయిన విద్యను ఏ పాటా ఒక్కరోజులో తిరిగి తేలేదు.

మారిన నాదాన్ని చూసి కినుక వహించేవారు ఒక సంగతి గమనించాలి. మనం ప్రాచీనమని గౌరవించేది కూడ ఒకనాడు మార్పు పొందినదే. ఇందుకు నల్లగొండ జిల్లాయే సాక్షి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రజలను మేల్కొలిపిన కవులలో సుద్దాల హనుమంతు ఒకరు. ఆయన ఏ బాణీలను ఎన్నుకొన్నారు? ఊరివారికి తెలిసిన గొల్లసుద్దుల వంటి జానపద రూపాలనే ఎన్నుకొన్నారు. పాత పాత్రలో కొత్త పాలు పోశారు. నవ్వులకు, వినోదానికి పేరుపొందిన గొల్లసుద్దులు ఆయన చేతిలో వెట్టిచాకిరిని ఎదిరించే ఆయుధమయ్యాయి. ఈ మార్పు చూసి ‘మా సుద్దులు చెడిపోయాయి’ అని ఆనాడు ఎవరైనా పెద్దలు చింతించారేమో! కాని నేడు ఆ పోరాట గీతాలే మనకు ప్రాచీన సంపద.

ఆ గీతాల కథ అంతటితో ముగియలేదు. సుమారు మూడు దశాబ్దాల తరువాత గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘మా భూమి’ చిత్రం వచ్చినప్పుడు, హనుమంతు రచించిన పశులకాపరి బాలుని పాటను, బండి యాదగిరి రచించిన పోరాట గీతాన్ని అందులో చేర్చారు. యాదగిరి గీతాన్ని గద్దర్ తెరమీద ఆలపించారు. పోరాటాన్ని చూడని తరం ఆ పాటలను తెరమీదనే మొదటిసారి విన్నది. సంఘం రోజులను ఎరిగిన మా బంధువు ఒకరు, ఆ చిత్రం చూసి వచ్చి, “మేము పాడినప్పుడు వెనుక పోలీసుల బూట్ల చప్పుడుండె, వీండ్లకు వాద్యాలున్నయి” అని నవ్వారు. ఆ నవ్వులో నిందలేదు. తన యౌవనం తనకు మళ్లీ ఎదురుపడిన సంతోషం ఉన్నది.

ఇతర చోట్ల కూడ ఇటువంటి అనుభవాలే కనబడుతాయి. హార్మోనియం ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. మన శ్రుతుల గమకాలకు అది తగదని ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు దానిని నిషేధించింది. అదే హార్మోనియం లేనిదే నేడు మన పద్యనాటకం తెర లేవదు. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, 1980 దశకం ఆరంభంలో బాల్య ప్రాయంలోనే విద్యుత్ మాండలిన్‌తో కర్ణాటక సంగీత సభలకు వచ్చినప్పుడు, పరదేశపు వాద్యానికి సభలో చోటేమిటని కొందరు ఆక్షేపించారు. అనతికాలంలోనే ఆ వాద్యం ఆయన పేరుకు ముందు బిరుదమై నిలిచింది. అమెరికాలో బాబ్ డిలన్ 1965 జులైలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో విద్యుత్ గిటారు చేపట్టగా శ్రోతలలో కొందరు హేళనగా అరిచారు. నాదం బాగుగా వినబడనందుకు అరిచారని కొందరు, గాయకుడు త్వరగా ముగించినందుకని మరికొందరు, మార్పును ఓర్వలేకనని ఇంకొందరు నేటికీ వాదిస్తూనే ఉన్నారు. అరుపు ఒక్కటే అయినా అరిచినవారి మనస్సులు వేరువేరుగా ఉన్నాయన్నమాట.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. మారిన నాదం మీద శ్రోత చెప్పే తీర్పులో సగం నాదాన్ని గురించినది. మిగిలిన సగం అతని జీవితాన్ని గురించినది. విద్యార్థి దానిలో తన ప్రాంతపు పేరును విన్నాడు. తాత తన బాల్యాన్ని వెదకి కొంత మాత్రమే పొందాడు. హార్మోనియం విద్వాంసుడు తాళాన్ని లెక్కించాడు. తాపీపనివాడు తన తండ్రిని స్మరించాడు. వీరిలో ఎవరి వినికిడినీ తప్పనలేము.

అయితే చప్పట్లకూ జీవనానికీ మధ్య ఉన్న దూరాన్ని గురించి ఇక్కడ చెప్పక తప్పదు. పద్మశ్రీ ప్రకటన తరువాత 2022లో రాష్ట్ర ప్రభుత్వం మొగిలయ్యకు కోటి రూపాయల నగదును, ఇంటి స్థలాన్ని ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడపు పని వద్ద కూలి చేస్తున్న దృశ్యాలు వార్తలలో వచ్చాయి. ఆ దృశ్యం చూసి నా వంటివారెందరో కలత చెందారు. ఆదరణ అనేది ఒకసారి ఇచ్చి మరిచిపోయే కానుకవంటిది అయితే దాని ఫలం ఇంతే. పూర్వం గ్రామం కిన్నెర కథకునికి ఇచ్చినది కొద్ది గింజలే కావచ్చు; కాని అది ఏటేటా ఇచ్చింది. ఆ గ్రామం అతనికి గింజలిచ్చి గౌరవమివ్వలేదు. మనం గౌరవమిచ్చి గింజల సంగతి మరిచాము. ఈ రెండింటినీ కలిపి ఇవ్వగలిగిననాడే కిన్నెర తిరిగి వచ్చిందని నిండు మనస్సుతో చెప్పగలము.

ఇందుకు చేయదగిన పనులు లేకపోలేదు. పన్నెండు మెట్ల కిన్నెరను పలికించగలవారు నేడు అత్యంత అరుదు. వారివద్ద నేర్చుకొనే బాలబాలికలకు విద్యార్థి వేతనాలు ఇవ్వవచ్చు. గురువులకు నెలనెలా తప్పని వేతనం ఏర్పాటు చేయవచ్చు. తెల్లవారే వరకు సాగే కథలను మొదటి నుంచి చివరి వరకు ధ్వనిముద్రణ చేసి విశ్వవిద్యాలయాలలో భద్రపరచవచ్చు. కొత్త పాటలలో కిన్నెరను వాడేవారు దానిని వాయించినవారికి తగిన పారితోషికమిచ్చి, పేరును స్పష్టంగా ప్రకటించవచ్చు. ఇవన్నీ ప్రభుత్వాలు, సంస్థలు చేయవలసిన పనులు.

శ్రోతలు చేయదగిన పని కూడ ఒకటి ఉన్నది. ఆ పని చిన్నది. డబ్బుతో అవసరం లేనిది. కొత్త పాట మనలను ఆ వాద్యపు గడపవరకు తీసుకొని వచ్చింది. గడప దాటి లోనికి పోవడం మన వంతు. ఆ సంవత్సరం నా తరగతిలోని విద్యార్థులకు సంక్రాంతి సెలవులలో ఒక పని అప్పగించాను. ‘మీ ఇండ్లలోని వృద్ధులను అడిగి, వారు కిన్నెర మీద విన్న ఏదైనా ఒక కథను రాసుకొని రండి’ అన్నాను. కొందరు పండుగ సాయన్న కథను తెచ్చారు. కొందరు పేర్లు మరిచిపోయిన వీరుల కథలను ముక్కలు ముక్కలుగా తెచ్చారు. ఒక బాలిక మాత్రం తెల్లకాగితం తెచ్చి, “మా అవ్వకు కథ యాదికి లేదు సార్. కిన్నెర పాట వినిపిస్తే మాత్రం ఏడ్చింది” అన్నది.

ఆ కాగితాన్ని కూడ తక్కిన వాటితో కలిపి కుట్టి దాచాను. దాని మీద ఆ అవ్వ పేరు, ఊరి పేరు రాయించాను. ఆ కథ తెలిసినవారు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా ఉన్నారేమో విచారించడానికి, మరుసటి ఆదివారమే ఆ బాలికయు, ఆమె స్నేహితులిద్దరును బయలుదేరారు.